మాణిక్యాంబ ఎక్కిన పడవ

"అసలు బండి ఎందుకిచ్చేసినట్టు?"

వెంకటరాజు పొద్దుటి నుంచి ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ రామతులసి ఓపిగ్గా జవాబు చెప్పింది. ఈసారి విననట్టే మూకుట్లో ఆవాలు వేసి మంట పెంచింది.

ఇంటిముందు నీలంరంగు స్కూటీ ఉంది. కూతురు హేమశ్రీది. నిన్న సాయంత్రం అల్లుడు శివకుమార్ వాళ్లుండే దరియాలతిప్ప నుంచి ఇక్కడ ఫరంపేట దాకా దాన్ని నడుపుకుంటూ వచ్చాడు. గోడవారగా స్టాండు వేసి, తాళంచెవి అత్తగారి చేతికిచ్చి, కాఫీ బాగుందని మెచ్చుకుని, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

"చెప్పేనుగా. గట్టురోడ్డంతా గుంతలంట. పిల్ల పడిపోద్దని ఆయన భయం. 'ఇంక హేమకి బండితో పనేముందండీ అత్తయ్యగారూ, ఎక్కడికెళ్లాలన్నా నేనే తీసుకెళ్తాను' అన్నారు. ఎంత ముద్దుగా అన్నారో మీరు వినాల్సింది."

"ఆ గుంతలు నిన్న పడ్డాయేంటి? మూడేళ్లనుంచి వాటిమీదే తిరుగుతుంది కదా అది."

"మీకు ఎవరిలోనూ మంచి కనపడదు."

"మరి ఫోను?"

"పాడైపోయిందంట. బాగుచెయ్యడానికిచ్చేరంట."

"ఎవరు చెప్పేరు?"

"ఆయనే."

"బండి సంగతి ఆయనే చెప్పేడు. ఫోను సంగతీ ఆయనే చెప్పేడు. మన పిల్లేం చెప్పిందే?"

మూకుట్లో ఆవాలు మాడిపోయాయి. రామతులసి పొయ్యి కట్టేసింది గానీ మొగుడి వైపు తిరగలేదు. గురువారం నుంచి హేమ గొంతు ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. ఇవాళ శనివారం.

భయం ఆవిడకీ ఉంది. వెంకటరాజు కంటే ఎక్కువే ఉంది. కానీ భయపడుతున్నానని ఒప్పుకుంటే, పిల్లని పంపింది తనేనని కూడా ఒప్పుకోవాలి. అందుకని అల్లుణ్ణి వెనకేసుకొస్తోంది.

పది రోజుల కిందట హేమ ఇదే స్కూటీ మీద ఒక్కతీ వచ్చి, జబ్బ మీద నాలుగు వేళ్ల గుర్తులు చూపించింది. ఉండిపొమ్మన్నాడు తండ్రి. తల్లి మాత్రం బీరువా తెరిచి ఒక పాత బైండు పుస్తకం తీసింది. కూతురి తల ఒళ్లో పెట్టుకుని మూడు మధ్యాహ్నాలు చదివి వినిపించింది. ఆదివారం శివకుమార్ వచ్చి మెట్లమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. సోమవారం రామతులసే దగ్గరుండి కూతుర్ని సాగనంపింది.

"నవల చూసి ఆడపిల్లని కాపురానికి పంపిన తల్లిని యానాం మొత్తంమీద నిన్నే చూశాను," అన్నాడు వెంకటరాజు.

"మా అమ్మ ఆ నవల చదివే నలభయ్యేళ్లు కాపురం చేసింది. నేనూ అది చదివే మీతో వేగేను."

"నేనేం చేసేనే నిన్ను?"

"ఏమీ చెయ్యలేదు. దాంతోనే వేగలేక ఛస్తున్నాను."

మామూలు రోజయితే ఇద్దరూ నవ్వేవారు. ఇవాళ ఎవరికీ నవ్వు రాలేదు.

గేటు చప్పుడైంది. జోసెఫిన్ టీచర్ గొడుగు మూసుకుంటూ లోపలికి వచ్చింది. ఆవిడ రిటైరయ్యాక లైబ్రరీలో ఒక కొత్త అలవాటు పెట్టింది. నెలకో ఆదివారం ఎవరో ఒకరు తమకి ఇష్టమైన పాత నవల గురించి మాట్లాడాలి. ఆ నవల తమకేం నేర్పిందో పదిమందికీ చెప్పాలి. రేపటి వంతు రామతులసిది. నవల 'ఇసుకమేట'.

"రేపు ఏం మాట్లాడతావో ఒకసారి నాకు వినిపించు తులసీ. మొన్నటి ఆయన గంటన్నర వదల్లేదు, జనం లేచిపోయేరు," అంటూ కుర్చీలో కూలబడింది.

రామతులసికి ప్రాణం లేచి వచ్చింది. మొగుడి ప్రశ్నల కంటే ఇది నయం. తను వారం రోజులుగా బట్టీ పట్టిందే. చీర కుచ్చెళ్లు సర్దుకుని మొదలుపెట్టింది.

"గోదావరి మధ్యలో ఇసుకమేట. దానిమీద జగ్గరాజుగారి కమతం, ఇల్లు. ఆయన భార్య మాణిక్యాంబ. ఆయన చెయ్యి దురుసు. మాణిక్యాంబ ఓర్చి ఓర్చి, ఒకరోజు పడవెక్కి పుట్టింటికి వచ్చేస్తుంది. జగ్గరాజుగారు వెతుక్కుంటూ వస్తారు. గుమ్మంలో ఏడుస్తారు. మాణిక్యాంబ తల్లి నచ్చచెప్పి పంపిస్తుంది. కూతురు పడవెక్కుతుంది. ఆయన తన ఉత్తరీయంతో ఆమె పాదాల బురద తుడుస్తారు. అక్కడితో సంపూర్ణం. నాకు ఈ నవల నేర్పిందేంటంటే, ఆడది ఓర్చుకుంటే ఎంత మొగాడైనా..."

"ఆగాగు. అక్కడితో సంపూర్ణమేంటమ్మా?"

"అంతే కదండీ."

"అంతే అంటావేంటి? అసలు కథ అక్కణ్ణుంచే కదా. ఇంకా నాలుగు వారాల సీరియల్ ఉంది."

రామతులసి నవ్వింది. టీచర్‌కి వయసు మీదపడి ఏదో నవలని ఏదో నవలతో కలిపేస్తోందనుకుంది. లోపలికెళ్లి తన బైండు పుస్తకం తెచ్చి చివరి పేజీ తెరిచి చూపించింది. పసుపు తిరిగిన కాగితం అడుగున ఎర్ర సిరాతో 'సంపూర్ణం' అని రాసి ఉంది.

"ఇది అచ్చు కాదు, చేత్తో రాసింది," అంది జోసెఫిన్.

"బైండు చేసినాయన రాశాడండీ. మా ఇంట్లో బైండులన్నిటికీ ఆయన అలాగే రాసేవాడు."

సీరియల్ వస్తున్నన్నాళ్లూ ప్రతి వారం పత్రిక పిన్నులు ఊడదీసి, ఆ నాలుగైదు పేజీలూ విడదీసి, ట్రంకుపెట్టెలో దాచడం రామతులసి తల్లికి అలవాటు. కథ అయ్యాక అన్నీ కలిపి బైండు చేయించేది. చేతికొచ్చిన కాగితాలకి అట్ట వేయడం బైండరు పని. కథ పూర్తయిందా లేదా అని ఆయన చదివి చూస్తాడా? ఆఖరి కాగితం మీద సంపూర్ణం అని గీకేసి పంపించాడు.

జోసెఫిన్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న తేదీ చూసింది. "అరవై తొమ్మిది, ఆగస్టు ఇరవై రెండు. నువ్వు పుట్టిందెప్పుడు తులసీ?"

"ఆ నెలాఖర్నే. అమ్మ పురిటికి మెట్టకూరు పుట్టింటికి..."

అంటూనే ఆగిపోయింది. పురిటి మంచం మీద ఉన్న మనిషి పత్రిక పేజీలు ఎలా దాస్తుంది? అమ్మ తిరిగొచ్చేసరికి పత్రికలో ఇంకో సీరియల్ మొదలై ఉంటుంది. పాతది అయిపోయిందనుకుని ఉంటుంది. ఆ నాలుగు వారాలూ ట్రంకుపెట్టెలోకి రానేలేదు.

జోసెఫిన్ తన సంచీలోంచి లైబ్రరీ పుస్తకం తీసింది. అచ్చయిన 'ఇసుకమేట'. చివరి పాతిక పేజీల దగ్గర వేలు పెట్టి అందించింది.

రామతులసి నిలబడే చదవడం మొదలుపెట్టింది.

పడవ మేట చేరింది. జగ్గరాజు భార్యని చెయ్యి పట్టుకుని దింపాడు. తర్వాత పడవ తాడు విప్పి, కాలితో ఒక్క తోపు తోశాడు. పడవ ప్రవాహంలో పడి కొట్టుకుపోయింది. అదేంటండీ అని మాణిక్యాంబ అడిగితే, ఇంక నీకు పడవతో పనేముంది, ఎక్కడికెళ్లాలన్నా నేనే తీసుకెళ్తాను కదా అన్నాడు. నవ్వుతూ అన్నాడు.

రామతులసి ఆ వాక్యం మళ్లీ చదివింది. మూడోసారి చదవలేకపోయింది. అక్షరాలు కదులుతున్నాయి. కళ్లెత్తితే గుమ్మంలోంచి నీలం స్కూటీ కనిపించింది.

"ఏవండీ," అంది. "ఏవండీ, బండి తియ్యండి."

"ఎక్కడికే?"

"దరియాలతిప్ప. హేమ దగ్గరికి."

వెంకటరాజు ఆ పుస్తకం తీసుకుని నిలబడిన చోటే రెండు పేజీలు చదివాడు. ఆయన ముప్ఫయ్యేళ్లు ఆఫీసు ఫైళ్లు తప్ప ఇంకేదీ చదివిన మనిషి కాదు. చదివి, పుస్తకం మళ్లీ ఆవిడ చేతిలో పెట్టాడు.

"ముందు స్టేషన్‌కి పోదాం," అన్నాడు.

"ఏమని చెప్తామండీ? అల్లుడు బండి ఇచ్చేశాడు, నవల్లో ఇలా రాసుందని చెప్తామా? ఆ ఎర్రటోపీ ఎస్సై నవ్విపోతాడు."

"నవ్వితే నవ్వనీండి," అంది జోసెఫిన్. "మీరు పిల్ల దగ్గరికెళ్లండి. నేను స్టేషన్ దగ్గర కూర్చుంటాను. రెండున్నరకల్లా నాకు ఫోను రాకపోతే నేనే లోపలికెళ్లి చెప్తాను. ఆయనా నా దగ్గర ఏడో క్లాసు చదివినవాడే."

రామతులసి గుమ్మం దగ్గర ఆగింది. "నేనేం చదివేనండీ ఇన్నాళ్లూ? పది సార్లు చదివేను టీచరుగారూ. ప్రతిసారీ ఏడ్చేను."

"ఏడవడానికే చదివేవు. నీతి ఏంటో వెతుక్కుని అక్కడ ఆగిపోయేవు. ఈ నవల నీతి చెప్పదమ్మా. పడవని తోసేసిన కాలుని చూడమంటుంది. పో, ముందు ఎళ్లు."

స్కూటీ గోదారి గట్టు మీద దూకుతూ పోయింది. గుంతలున్న మాట నిజమే. ప్రతి కుదుపుకీ రామతులసి మొగుడి భుజం గట్టిగా పట్టుకుంది. పుస్తకం ఒళ్లో ఉంది. మిగతా పేజీలు దారిలోనే, ఎగిరిపోతున్న కాగితాలని అరచేత్తో అణిచిపెట్టి చదివింది. చదవకుండా ఉంటే బాగుండేది.

చెరువుల మధ్య అల్లుడి ఇల్లు ఒక్కటే. పక్క ఇంటికి కేకేస్తే వినపడదు. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు నీళ్లని చిమ్ముతూ ఒకటే హోరు. కాపలా షెడ్డు ముందు మంచం ఎత్తి గోడకి చేరేసి ఉంది. అక్కడ మనిషి లేడు.

శివకుమార్ వాళ్లని దూరం నుంచే చూసి గేటు దాకా వచ్చాడు. తాళం వేసి ఉంది. మొలలోంచి తాళంచెవి తీసి తెరిచాడు.

"రండి రండి మావయ్యగారూ. ఎండలో పడొచ్చేరేంటండీ? కబురు చేస్తే నేనే వద్దును కదా." చూపు స్కూటీ మీదికి పోయింది. "బండి మళ్లీ తెచ్చేరేంటి?"

"ఆటో దొరకలేదు బాబూ," అంది రామతులసి.

"ఆయ్, అదా."

"పనివాళ్లెవరూ కనపడరేంటి?"

"పంపించేనండి. నాలుగ్రోజులు ఇంటికెళ్లి రమ్మన్నాను. మేత నేనే చల్లుకుంటున్నాను."

నవల్లో పడవ పోయిన తర్వాతి వారం జగ్గరాజు చేసింది కూడా అదే. పాలేర్లని పంపించేశాడు.

హేమ వరండాలోకి వచ్చింది. నైటీ మీద చున్నీ, ఆ ఉక్కలో మెడ చుట్టూ బిగించి కప్పుకుని ఉంది. తల్లిని చూసి నవ్వింది. నవ్వే ముందు మొగుడి వైపు ఒకసారి చూసింది.

"బాగున్నావా అమ్మా?" అన్నాడు వెంకటరాజు.

హేమ మళ్లీ మొగుణ్ణి చూసింది. "బాగానే ఉన్నాను నాన్నా."

"అన్నం తిన్నావా?"

ఇంకోసారి చూసింది. "ఆఁ, తిన్నాను."

"లోపలికి రావే, జడ వేస్తాను. తలంతా రేగిపోయింది," అంది రామతులసి.

"ఇక్కడే వెయ్యండి అత్తయ్యగారూ," అన్నాడు శివకుమార్. ఎంతో మర్యాదగా అన్నాడు. తనే లోపలికెళ్లి దువ్వెన తెచ్చిచ్చాడు. "ఇక్కడైతే గాలొస్తుంది." తర్వాత స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇంక కదల్లేదు.

రామతులసి మెట్టు మీద కూర్చుంది. హేమ కింది మెట్టు మీద తల్లి మోకాళ్ల మధ్య కూర్చుంది. దువ్వెన చెవి వెనక్కి రాగానే పిల్ల ఒళ్లు జలదరించింది. రామతులసి దువ్వెన ఆపి వేళ్లతో తడిమింది. జుట్టు కింద నిమ్మకాయంత వాపు.

తలెత్తితే అల్లుడు తననే చూస్తున్నాడు. చూస్తూ చిన్నగా నవ్వాడు.

"రేపు నీ ఉపన్యాసం కదమ్మా," అంది హేమ, గొంతు తగ్గించి. "బాగా చెప్పు. మాణిక్యాంబ ఎంత ఓర్చుకుందో చెప్పు. నేనూ రోజూ అదే గుర్తు చేసుకుంటున్నాను. ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటే ఈయనా మారతారు కదా?"

రామతులసికి ఆ క్షణం చచ్చిపోవాలనిపించింది. పిల్ల ఒక్క మాట అనలేదు, దెప్పలేదు. తల్లి చెప్పింది నమ్మి, చెప్పినట్టే చేస్తోంది.

ఒంటరిగా మాట్లాడే వీల్లేదు. లేచి రా అంటే రాదు. చెయ్యి పట్టుకు లాగితే ఈ మనిషి ఊరుకోడు. రామతులసి దగ్గర మిగిలింది కథ ఒక్కటే.

"అది కాదే," అంది జుట్టు పాయలు తీస్తూ. "కథ అక్కడితో అయిపోలేదంట. ఇంకా నాలుగు వారాలుందంట. ఇవాళే చదివేను."

"అవునా? ఏమైంది?"

"పడవ దిగేక జగ్గరాజు ఆ పడవని నీళ్లలోకి తోసేశాడు. ఇంక నీకు పడవతో పనేముంది అన్నాడు."

చేతుల కింద హేమ మెడ బిగుసుకుంది.

"తర్వాత?" అన్నాడు శివకుమార్.

వెంకటరాజు దగ్గాడు. రామతులసి ఆయన వైపు చూడలేదు. "తర్వాత పనివాళ్లని పంపించేశాడు బాబూ. కొన్నాళ్లు ఇంటికెళ్లి రమ్మన్నాడు."

హేమ మెల్లగా తల తిప్పి కాపలా షెడ్డు వైపు చూసింది. ఏరియేటర్ల హోరు తప్ప ఏమీ లేదు. జడ మూడో పాయ దగ్గర ఆగిపోయింది.

"తర్వాతండీ?" అన్నాడు అల్లుడు మళ్లీ. నవ్వు అలాగే ఉంది.

"రోజూ మేట మీద పొయ్యి పొగ కనిపించేది. ఒకరోజు కనపడలేదు. రెండోరోజూ కనపడలేదు. మూడోరోజు వలలేసుకునేవాళ్లు పడవ కట్టుకుని ఎళ్లి చూశారు."

ఏం చూశారో రామతులసి చెప్పలేదు. హేమ అడగలేదు.

"మరి వాళ్లమ్మ?" అంది హేమ చివరికి.

"పంపింది వాళ్లమ్మే కదా. పిల్ల సుఖంగా ఉందనుకుంటూ ఒడ్డునే కూర్చుంది. తప్పంతా ఆవిడదే." రామతులసి కళ్లనీళ్లు కూతురి పాపిట్లో పడ్డాయి. "నేను కూర్చోనే హేమా. నేనొచ్చేశాను."

హేమ లేచి నిలబడింది. జడ సగంలోనే విడిపోయింది. మొదటిసారి ఆ పిల్ల మొగుడి వైపు చూడకుండా మాట్లాడింది.

"అమ్మా, ఉండు. చీర కట్టుకుని వచ్చేస్తాను. నేనూ మీతో వస్తాను."

అని గబగబా లోపలికి వెళ్లింది. రామతులసి ఆపబోయింది. ఉన్నపళంగా పద, ఈ నైటీతోనే పద అనాలని నోటిదాకా వచ్చింది. మాట పెగిలేలోపే శివకుమార్ స్తంభం వదిలి కదిలాడు.

"ఎళ్లనివ్వండి అత్తయ్యగారూ. పుట్టిల్లు కదా, ఎవరికుండదు? బ్యాగు అటక మీదుంది, దానికందదు. నేను దించిస్తాను," అన్నాడు. తొందరేమీ లేకుండా చెప్పులు విడిచి, గడప దాటాడు.

తలుపు మూసుకుంది. లోపలి నుంచి గడియ పడింది.

అప్పుడు తెలిసింది రామతులసికి, తను చేసిన పనేంటో. మొదటిసారి సగం కథ చెప్పి పిల్లని ఇక్కడికి పంపింది. ఇప్పుడు మొత్తం కథ చెప్పింది. కానీ ముగింపు విన్నది హేమ ఒక్కతే కాదు.

"హేమా!" వెంకటరాజు అరిచాడు. ముప్ఫయ్యేళ్లలో ఆయన అలా అరవగా రామతులసి వినలేదు. వెళ్లి రెండు చేతులతో తలుపు బాదాడు. "హేమా! తలుపు తియ్యమ్మా!"

రామతులసి తలుపుకి చెవి ఆనించింది. లోపల ఏదో బరువైనది నేలమీద పడిన చప్పుడు. బ్యాగే అయి ఉంటుందనుకుంది. బ్యాగే అవ్వాలని దేవుళ్లందరికీ దండం పెట్టుకుంది.

"సర్దుతోందండీ మావయ్యగారూ," అంది లోపలి నుంచి అల్లుడి గొంతు, అదే మర్యాదతో. "కంగారేం లేదు. టైము పట్టుద్ది. ఎండలో కూర్చోకండి, మీరు బయల్దేరండి. దాన్ని నేనే తీసుకొస్తాను."

హేమ గొంతు మాత్రం రాలేదు.